రాళ్ల వాటా

ఆ శుక్రవారం హియామ్ సొరపిందెలాంటి నలభయ్యో కూసా కాయని తొలుస్తుండగా భర్త ఆకెఫ్ వంటింటి గుమ్మంలో నిలబడి, "నీ చేతులు మట్టివాసన కొడుతున్నాయి. బియ్యంలో చెయ్యి పెట్టేముందు సబ్బుతో కడిగావా?" అని అడిగాడు.

కడిగింది. రెండుసార్లు కడిగింది. ఆ మాటే చెప్పాలనుకుంది గానీ, చెబితే మిద్దె మీది డబ్బాల ప్రస్తావన వస్తుంది. అందుకని "కడిగాను" అని ఊరుకుని, సన్నటి కత్తిని కాయలోకి దించి మెల్లగా తిప్పింది. కాయ గోడ పలచగా రావాలి, చిల్లి పడకూడదు. బియ్యం, మాంసం కూరిన కూసా లేకపోతే ఆ ఇంట్లో శుక్రవారం శుక్రవారంలా ఉండదు. ఆడపడుచులు, వాళ్ల భర్తలు, పిల్లలు, ఎవరో ఒక దూరపు బంధువు, అందరూ కలిసి ఇరవై మంది. ఇరవై రెండేళ్లుగా తొలిచిన చెయ్యి అది. ఎప్పుడైనా ఒక్క చిల్లి పడితే అత్తగారు హజ్జా ఫిద్దా ఆ కాయని పళ్లెంలోంచి ఎత్తి అందరికీ చూపించేది. "మా కోడలికి మొక్కల మీదున్న ధ్యాస వంట మీద లేదు" అనేది. అందరూ నవ్వేవారు. హియామ్ కూడా నవ్వేది. చిల్లి పడని వేలవేల కాయల గురించి మాత్రం ఎవరూ ఎప్పుడూ ఏమీ అనలేదు.

వారంలో ఐదు రోజులు ఆమె మాదబా దారిలో ఉన్న విత్తన కేంద్రంలో పనిచేసేది. నాలుగు వలపందిళ్లు, ఒక గింజల గది, ఒక ఆఫీసు, అదే కేంద్రం. హాజరు పట్టీలో ఆమె ఉద్యోగం పేరు 'సహాయకురాలు'. ఎవరికి సహాయం చెయ్యాలో అందులో రాయలేదు గనక అందరికీ చేసేది. గింజలు నాటేది, కలుపు తీసేది, కుండీలు కడిగేది, ఎనిమిది మంది మగవాళ్లకి రోజుకి మూడుసార్లు టీ పెట్టేది. పెద్దాయన డాక్టర్ సుల్హీ మంచి మనిషి, గొంతు పెంచి ఎరగడు. "నీ చేతి టీ తాగితేగానీ నా బుర్ర కదలదు, ఉమ్ రాకాన్" అనేవాడు. రాకాన్ ఆమె పెద్ద కొడుకు. వాడు పుట్టిన రోజు నుంచి ఇంట్లో, వీధిలో, ఆఫీసులో ఆమెని వాడి తల్లిగానే పిలుస్తున్నారు. ఆ పిలుపులో గౌరవం ఉంది, కాదనడానికి లేదు. కానీ జీతం తీసుకునేటప్పుడు సంతకం చేస్తూ, 'హియామ్' అన్న అక్షరాలు తన చేతి కిందనుంచి వస్తుంటే, ఎవరో చిన్ననాటి స్నేహితురాలు దారిలో కనిపించినట్టు ఆమెకి ఒక్క క్షణం ఆశ్చర్యంగా ఉండేది.

అసలు ఆ కేంద్రం పెట్టిందే నల్ల సౌసన కోసం. ఒకప్పుడు వసంతం వస్తే ఆ కొండలన్నిటి మీదా పూసిన పువ్వు అది. దూరం నుంచి చూస్తే నలుపు, ఎండకి అడ్డంగా పట్టి చూస్తే ద్రాక్షరసం రంగు. దాన్ని పోయిన చోటికి మళ్లీ తీసుకురావాలని డాక్టర్ సుల్హీ పట్టుదల. మొదటిసారి ట్రేలలో గింజలు నాటించాడు. ఏడాది అయినా ఒక్క మొలక రాలేదు. పారెయ్యమన్నాడు. "సౌసన గింజ మొండిది, డాక్టర్. రెండు చలికాలాలు చూస్తేగానీ నమ్మదు. మా అమ్మ చెప్పేది" అంది హియామ్. ఆయన చిరునవ్వు నవ్వి, ఈసారి టీలో కొంచెం మరమియ్యా ఆకు వెయ్యమన్నాడు. రెండోసారి ఎక్కడినుంచో పెరిగిన దుంపలు తెప్పించి ఒక వాలు మీద లోతుగా పాతించి, ఎండాకాలమంతా సన్న గొట్టాలతో చుక్కచుక్క నీళ్లు పెట్టించాడు. ఎండాకాలం దానికి నీళ్లు విషమని, అది పొడినేలలో వీపు ఎండకి పెట్టి నిద్రపోవాలని ఆమె చెప్పింది. ఆయన వినలేదనలేం. తల ఊపాడు. ఆ తలూపుడు టీ గ్లాసు అందుకున్నందుకో, మాట విన్నందుకో ఆమెకి తెలియలేదు. దుంపలు కుళ్లిపోయాయి. తప్పంతా వానలు మారిపోవడానిదేనని రిపోర్టులో రాశారు.

పారెయ్యమన్న ట్రేలని ఆమె పారెయ్యలేదు. సంచుల్లో వేసుకుని మినీబస్సులో ఇంటికి తెచ్చి, మిద్దె మీద నెయ్యి డబ్బాల్లో, పెరుగు డబ్బాల్లో, అడుగు పోయిన గిన్నెల్లో పోసింది. రెండో చలికాలం మొలకలు వచ్చాయి, సూదుల్లాగా. ఆ సంగతి కేంద్రంలో చెబుదామని రెండుసార్లు ఆఫీసు తలుపు దాకా వెళ్లి, ఈ డబ్బాలు కూడా గొట్టాల కిందికి పోతాయేమోనని భయపడి వెనక్కి వచ్చింది. మొలక వచ్చాక పువ్వు రావడానికి మూడేళ్లు. ఆ మూడేళ్లలో మిద్దె మీద బట్టలు ఆరేసుకోవడానికి చోటు లేదని హజ్జా సణిగింది. "మనుషులు తినని పువ్వు, గొర్రెలు తిన్నా పాలివ్వని పువ్వు, దానికి సేవలు చేస్తోంది మా ఆవిడ" అని ఆకెఫ్ స్నేహితులతో నవ్వుతూ చెప్పాడు. అతను సైన్యం నుంచి రిటైరయి ఇంట్లో ఉంటున్నాడు. పొద్దున ఆమె ఇంటిపని ముగించి ఆరున్నర బస్సు ఎక్కేసరికి అతను పక్కమీద ఒత్తిగిలి, పోయేటప్పుడు తలుపు చప్పుడు చెయ్యొద్దనేవాడు.

ఆ శుక్రవారానికి మిద్దె మీద తొమ్మిది డబ్బాల్లో మొగ్గలు తొడిగాయి.

భోజనానికి తమ్ముడు మత్లఖ్ కూడా వచ్చాడు, భార్య నజ్లాతో. తల్లి జబ్బుపడ్డ ఏడాది హియామ్ చంకన వేసుకుని పెంచిన తమ్ముడు. వాడి తర్వాత ఇంకో తమ్ముడున్నాడు గానీ, మాట్లాడేది ఎప్పుడూ మత్లఖే. తండ్రి పోయి ఆరు నెలలైంది. అందరూ తిని చేతులు కడుక్కున్నాక మత్లఖ్ ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని, సోమవారం కోర్టుకి రావాలని, చిన్న సంతకం ఒకటి ఉందని చెప్పాడు. తండ్రి భూమిలో తన భాగం తమ్ముళ్లకి వదిలేస్తున్నట్టు. ఆ భూమి కొనడానికి అమ్మాన్ ఆసామి ఒకడు సిద్ధంగా ఉన్నాడట. అందరు ఆడపిల్లలూ చేసేదే. అన్నదమ్ములు బతికుండగా ఆడది భూమి పట్టుకుని ఏం చేసుకుంటుంది? వాళ్ల ఊరు ఉమ్ హజల్‌లో ఇంతవరకూ ఏ ఆడపిల్లా కాదనలేదు. "నీకు మంచి చలికోటు కొంటాను అక్కా, అమ్మాన్ నుంచి. రంగు నువ్వే చెప్పు" అన్నాడు.

"పైనున్న రాళ్ల కొండ కూడా అమ్ముతున్నారా?" అని అడిగింది హియామ్.

"అసలు బేరం దాని కోసమేగా. బుల్డోజర్ పెట్టి చదును చేస్తాడట. ఈత కొలను, గదులు కడతాడట. అక్కణ్ణించి మృత సముద్రం కనిపిస్తుందని ఆయన మోజు."

ఆ రాళ్ల కొండ మీద తండ్రి ఎప్పుడూ నాగలి పెట్టలేదు, ట్రాక్టర్ ఎక్కదు గనక. హియామ్‌కి ఆరేడేళ్లప్పుడు ఆ రాళ్ల మధ్య నల్ల సౌసనలు గుంపులు గుంపులుగా ఉండేవి. తల్లి ఆమెని అక్కడికి తీసుకెళ్లి, కొయ్యనిచ్చేది కాదు, చూడనిచ్చేది. తర్వాత వసంతంలో శుక్రవారాలు పట్నం నుంచి కార్లు రావడం మొదలైంది. చేతులనిండా కోసుకునేవాళ్లు, దుంపలతో సహా తవ్వుకునేవాళ్లు. ఆమెకి పదేళ్లు నిండేసరికి కొండ మీద ఒక్కటి మిగల్లేదు. ఎవరూ దాన్ని పెద్ద విషయంగా చెప్పుకోలేదు. తల్లి మాత్రం ఆ వసంతం కొండ ఎక్కలేదు.

నజ్లా వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. నీళ్ల చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలైంది. హియామ్ టీ పెట్టడానికి లేచింది.

సోమవారం పొద్దున మిద్దె మీదికి వెళ్లేసరికి మొదటి పువ్వు విచ్చుకుని ఉంది. అరచేతంత పువ్వు. పైకి లేచిన మూడు రేకులు, కిందికి వాలిన మూడు రేకులు, మధ్యలో వెల్వెట్ మచ్చ. లోపల ఒక చిన్న అడవి తేనెటీగ ముడుచుకుని పడుకుని ఉంది. రాత్రంతా అక్కడే నిద్రపోయినట్టుంది. ఎండ తగిలాక కాళ్లు దులుపుకుని బయటికొచ్చి ఎగిరిపోయింది. మూడంతస్తుల సిమెంటు మిద్దె మీద, నెయ్యి డబ్బాలో పూసిన పువ్వుని ఈ ఈగ ఎలా వెతుక్కుని వచ్చిందా అని హియామ్ చాలాసేపు చూస్తూ నిలబడింది. దీన్ని ఎన్నాళ్లు డబ్బాలో ఉంచుతాను? వేళ్లు అప్పుడే డబ్బా అంచుల్ని తన్నుతున్నాయి. దీనికో కొండ ఉంది. ఆ కొండ నాన్నది, నాన్న పోయాక కొంత నాది. నాదన్నది ఇంతవరకూ నా నోటినుంచి నేనే వినలేదు. కింద ఆకెఫ్ పికప్ హారన్ కొట్టాడు. ఆమె స్కార్ఫ్ సర్దుకుని దిగింది.

కోర్టు గదిలో తీర్పు చెప్పే ఖాదీ ముందున్న ఫైళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. మత్లఖ్ కాగితాలు అందించాడు. ఆకెఫ్ గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఖాదీ తలెత్తకుండా, ఎన్నో వందలసార్లు అడిగిన గొంతుతో అడిగాడు. "తండ్రి ఆస్తిలో నీకెంత హక్కుందో తెలుసు కదమ్మా? దాన్ని నీ ఇష్టంతోనే వదులుకుంటున్నావా?"

జవాబు అప్పటికే రాసి ఉన్నట్టు గుమాస్తా కలం కాగితం మీద ఆనించి ఉంచాడు. హియామ్‌కి తమ్ముడి మెడ వెనక చిన్నప్పుడు పొయ్యి అంటుకుని కాలిన మచ్చ కనిపిస్తోంది. ఆ మచ్చకి నెయ్యి రాసింది తనే. వీడిమీద నాకు కోపం లేదు, అనుకుంది. కోపం రావాలని చూసింది, రాలేదు. అడిగినదానికి నిజం చెప్పాలి, అంతే. నలభై ఏడేళ్లలో నీకిష్టమేనా అని ఒక మనిషి ఎదురుగా కూర్చుని అడగడం ఇదే మొదటిసారి. నిజం చెప్పకపోతే మళ్లీ ఎవరడుగుతారు?

"లేదు" అంది. మళ్లీ అంది. "నా ఇష్టంతో కాదు."

ఖాదీ కళ్లద్దాలు తీసి మొదటిసారి ఆమెని చూశాడు. మత్లఖ్ ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు. "అయితే సంతకం అక్కర్లేదు తల్లీ" అని ఫైలు మూసి పక్కన పెట్టాడు. అంతే అయింది. ఇంత చిన్న పనా, అని ఆమెకి నమ్మకం కుదరలేదు. బయటికొచ్చి, గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగింది.

పికప్‌లో తిరిగొస్తూ ఆకెఫ్, ఊరు దగ్గరపడ్డాక, "రేపు మీ తమ్ముడి ముఖం నేనెలా చూడాలి?" అన్నాడు.

"నన్ను చూస్తున్నట్టే. ఎదురుగా రోడ్డుంది, దాన్ని చూస్తూ" అంది హియామ్. అంత మాట తన నోట వచ్చినందుకు తనే ఉలిక్కిపడింది.

ఆ తర్వాత నెలలు తేలిగ్గా గడవలేదు. కొనేవాడు తగువున్న భూమి తనకొద్దని పోయాడు. మత్లఖ్ కోపంతో పంపకం పెట్టించాడు. కింద దున్నే పొలమంతా తమ్ముళ్లు ఉంచుకుని, పై రాళ్ల కొండని ఆమె పేర రాయించారు. "భూమి కావాలందిగా, రాళ్లు నమలమనండి" అన్నాడట, పదిమందిలో. ఆ మాటని ఆకెఫ్ ఇంటికి మోసుకొచ్చి ఆమెకి వినిపించాడు. ఆమె వినీ, పప్పులోంచి రాళ్లు ఏరుతూ లోపల్లోపల సంతోషం పట్టలేక తల దించుకుంది. అందరూ సిగ్గుపడిందనుకున్నారు. బక్రీద్ పండుగ రోజు తమ్ముళ్లు రాలేదు. పండుగ పొద్దున అక్కచెల్లెళ్ల ఇంటికి రాని అన్నదమ్ములు ఆ ఊళ్లో ఉండరు. ఆడపడుచులందరూ చూస్తుండగా ఆమె ఖర్జూరపు బిస్కెట్ల పళ్లెం సర్ది, టేబుల్ మీద పెట్టి, మధ్యాహ్నం దాకా తలుపు వైపు చెవి పెట్టుకుని తిరిగింది. సాయంత్రం ఆ బిస్కెట్లు డబ్బాలో పోసేటప్పుడు ఏడుపొచ్చింది. రాళ్లు తీసుకున్నందుకు కాదు. వాడికి ఆ బిస్కెట్లంటే ఎంత ఇష్టమో తెలుసు గనక.

మిద్దె మీద పూసిన పువ్వులకి ఆమె తనే పుప్పొడి అందించింది. సౌసన తన పుప్పొడి తను పుచ్చుకోదు, మరో మొక్కది కావాలి. తేనెటీగలు మిద్దె దాకా ఎక్కువ రావు. అందుకని సుర్మా పుల్ల తీసుకుని ఒక డబ్బా పువ్వులోంచి మరో డబ్బా పువ్వులోకి, వంగి, ఊపిరి బిగబట్టి. జూన్‌కి ఆరు కాయలు ముదిరాయి. గింజకి ఒక కొసన తెల్లటి టోపీ ఉంటుంది. దాన్ని ఒలిచి నాటితే తొందరగా మొలుస్తుందని ఆమెకి అనుభవం. ఎండాకాలం చివర ఒక మధ్యాహ్నం వరండాలో కూర్చుని ఒలుస్తుంటే హజ్జా ఫిద్దా వచ్చి ఎదురుగా కూర్చుంది. కోర్టు రోజు నుంచి ఆవిడ కోడలితో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. కాసేపు చూసింది.

"ఇటు తే. గింజని గాయం చేస్తున్నావ్" అని కూసా కత్తి లాక్కుంది.

డెబ్భై ఆరేళ్ల ఆ వేళ్లు వణకలేదు. టోపీ టోపీగా ఊడి వచ్చింది. ఇద్దరూ చాలాసేపు ఒలిచారు. తర్వాత హజ్జా గింజల మీదనుంచి చూపు తిప్పకుండానే అంది. "మా నాన్నకి కరక్ దారిలో ద్రాక్షతోట ఉండేది. నేను వేలిముద్ర వేశాను. పచ్చ వెల్వెట్ కోటు కొనిచ్చారు మా అన్నలు. ఒక్క చలికాలం తొడుక్కున్నాను. మరుసటేడు ఆకెఫ్ కడుపులో ఉన్నాడు, బొత్తాములు పట్టలేదు." ఇంకో గింజ తీసుకుంది. "ఇప్పుడు ఆ దారిన పోతే మా అన్న మనవలు మర్యాదగా పిలుస్తారు. హజ్జా, రండి, మా ద్రాక్ష రుచి చూసి వెళ్లండి అంటారు. రుచి చూడమంటారు."

హియామ్ చేతులు ఆగిపోయాయి. ఇరవై రెండేళ్లుగా ప్రతి శుక్రవారం తన కూసాలో చిల్లి వెతికిన మనిషి ఎవరో ఆమెకి అప్పుడు తెలిసింది. ఏదో అనాలనుకుంది. హజ్జా అననివ్వలేదు, పని చూడమంది.

అక్టోబర్‌లో, తొలివానకి ముందు, దుంపలు ఇంకా నిద్రలో ఉండగానే కొండకి చేర్చాలి. మినీబస్సులో ఎన్నిసార్లు తిరిగినా రెండు చేతులకి నాలుగు డబ్బాలే. ఆకెఫ్ పికప్ గుమ్మం ముందే ఉంది. ఆమె అడగలేదు. మూడో రోజు పొద్దున హజ్జా నల్ల అబాయా తొడుక్కుని వెళ్లి పికప్ ముందు సీట్లో కూర్చుంది. ఎక్కడికమ్మా అని ఆకెఫ్ అడిగితే, ఉమ్ హజల్ కొండకి, డబ్బాలు ఎక్కించు అంది. అతను తల్లి వైపు, భార్య వైపు చూసి, చేసేదేంలేక డబ్బాలు ఎక్కించాడు. మొత్తం నూట ముప్పై. కొండ కింద దించి, సిగరెట్ ముట్టించి బండిలోనే కూర్చున్నాడు. హజ్జా ఒక బండ మీద కూర్చుని, ఏది ఎక్కడ నాటాలో తనకేమీ తెలియకపోయినా, అటు కాదు ఇటు అని రోజంతా చెప్పింది. హియామ్ తనకి తోచినచోటే నాటింది. రాళ్ల సందుల్లో, లోతు లేకుండా, దుంప వీపు ఎండకి తగిలేలా. మేకలు రాకుండా చుట్టూ గోడ కావాలి. రాళ్లకేం కొదవ? రాయి మీద రాయి పేర్చి, సెలవు రోజుల్లో, మోకాలెత్తు గోడ లేపడానికి ఆమెకి రెండు చలికాలాలు పట్టింది.

మొదటి వసంతం నాలుగే పూశాయి. అవీ మత్లఖ్ మేకలు సగం లేచిన గోడ దాటి వచ్చి తినేశాయి. రెండో వసంతం పందొమ్మిది. ఆ ఏడు మేకలు రాలేదు. నజ్లా వాటిని చుట్టుదారిన, కింది వాగు పక్కనుంచి తోలుకుపోతోందని తర్వాత తెలిసింది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. శుక్రవారాలు పట్నం నుంచి వచ్చే కార్లకి ఎదురుగా హియామ్ గోడ మీద కూర్చునేది. చూడండి, కూర్చోండి, ఫోటో తీసుకోండి, చెయ్యి మాత్రం వెయ్యొద్దు అనేది. ఒకాయన, ఈ కొండకి నువ్వు కాపలాదారువా అని అడిగాడు. "యజమానిని" అంది. ఆ మాట రుచి రోజంతా నాలిక మీద ఉండిపోయింది. శుక్రవారాలు ఆమె ఇంట్లో లేకపోవడంతో ఆడపడుచులు తలా ఒక వంట చేసుకుని తేవడం మొదలుపెట్టారు. మొదట మూతులు ముడుచుకున్నాయి. తర్వాత అదే అలవాటైంది. ఇల్లేమీ కూలిపోలేదు.

మూడో వసంతం, మార్చి చివర, ఒక పొద్దున ఆమె కొండ ఎక్కి గోడ దగ్గరే ఆగిపోయింది. రాత్రికి రాత్రి కొండ నల్లబడింది. లెక్కపెట్టడం మొదలుపెట్టి ఎనభై దగ్గర వదిలేసింది. పువ్వు పువ్వులోంచి తేనెటీగలు మేలుకుని బయటికొస్తున్నాయి. ఇక సుర్మా పుల్ల అవసరం లేదు. గోడకి అవతల, తను ఎన్నడూ ఏదీ నాటని చోట, రెండు బండల మధ్య సూదుల్లాంటి మొలకలు కనిపించాయి. మోకాళ్ల మీద కూర్చుని వేలితో మట్టి తప్పించి చూసింది. సౌసనే. ఏ చీమో తెల్ల టోపీకి ఆశపడి గింజని మోసుకొచ్చి వదిలేసి ఉంటుంది. ఎవరూ నాటకుండా, ఎవరూ అడగకుండా, కొండే తన పువ్వుని తను మొలిపించుకుంది. హియామ్ అక్కడే కూర్చుని గట్టిగా నవ్వింది. చుట్టూ ఎవరూ లేరు. ఎవరైనా ఉన్నా నవ్వేదే.

వారం తిరక్కుండా డాక్టర్ సుల్హీ వచ్చాడు, వెంట నలుగురు పెద్దమనుషులతో, రెండు కార్లలో. ఆ మొలకల ముందు ఆయన గొంతుక్కూర్చుని, చాలాసేపు లేవలేదు. లేచాక కళ్లు తుడుచుకుని, "ఉమ్ రాకాన్, ఇది ఎలా చేశావు?" అన్నాడు.

"మీకు రెండుసార్లు చెప్పాను డాక్టర్. టీ ఇచ్చేటప్పుడు."

ఆయన ముఖం ఎర్రబడింది. మంచి మనిషి కాబట్టి తప్పించుకోలేదు. విన్నాను గానీ లెక్కలోకి తీసుకోలేదని, పొరపాటు తనదని, వచ్చినవాళ్ల ముందే ఒప్పుకున్నాడు. కొండ మీద కేంద్రం పేరుతో బోర్డు పెడతామన్నాడు. హియామ్ ఆలోచించి మెల్లగా చెప్పింది. బోర్డు పెట్టండి, కేంద్రం పేరు కింద రాయండి. పైన మాత్రం మా నాన్న పేరుతో కలిపి హియామ్ ముఫ్లిహ్ అని ఉండాలి, ఉమ్ రాకాన్ అని కాదు. మిగతా కొండలకి సౌసన వెళ్లాలంటే నేను నేర్పిస్తాను, నేర్పే మనిషికి తగిన హోదా, జీతం కాగితం మీద ఉండాలి. ఇక టీ సంగతి. ఎవరి టీ వాళ్లు పెట్టుకుంటే బుర్ర అలవాటు పడుతుంది. పెద్దమనుషుల్లో ఒకాయన నవ్వాపుకోలేకపోయాడు. డాక్టర్ సుల్హీ కారులోంచి ఫ్లాస్కు తీయించి, తన చేత్తో గ్లాసులోకి వంచి ముందు ఆమెకి అందించాడు. చక్కెర ఎక్కువైంది. ఆమె తాగింది.

ఆ సాయంత్రం ఆకెఫ్ ఎవరితోనో ఫోన్‌లో, "మా కొండ చూడ్డానికి అమ్మాన్ నుంచి ఆఫీసర్లొచ్చారు" అని చెప్పుకుంటున్నాడు. పక్క గదిలోంచి హజ్జా గొంతు వినిపించింది. "మాది కాదురా, దానిది." ఆకెఫ్ ఒక్క క్షణం తడబడి, ఫోన్‌లో, "అదే, మా ఆవిడ కొండ" అని సరిదిద్దుకున్నాడు. వంటింట్లో ఉన్న హియామ్ కూరలో ఉప్పు చూసి, బాగుందనుకుంది.

ఆ శుక్రవారం ఊళ్లో ఆడవాళ్లు కొండ ఎక్కారు. ముసలివాళ్లు పువ్వుని చూసి, చిన్నప్పుడు చూశామని, మళ్లీ చూస్తామనుకోలేదని పైటచెంగుల్లాంటి తెల్ల ముసుగుల అంచులతో కళ్లొత్తుకున్నారు. హజ్జా తన బండ మీద కూర్చుని అందరికీ దారి చూపిస్తోంది. ఎండ దిగి అందరూ వెళ్లిపోతున్నప్పుడు నజ్లా ఒక్కతీ వెనక మిగిలింది. మూడేళ్లుగా ఆమె హియామ్‌తో నేరుగా మాట్లాడలేదు, మత్లఖ్ మాట్లాడొద్దన్నాడు గనక. రంజాన్‌కి ముందు ఆమె తండ్రి పోయాడని హియామ్‌కి తెలుసు. పరామర్శకి వెళ్లినప్పుడు ఇద్దరూ ఆలింగనం చేసుకున్నారు, అంతే.

నజ్లా గోడ మీది ఒక రాయిని కదిపి మళ్లీ సరిగ్గా పెట్టింది. తన అన్నలు నిన్న ఇంటికొచ్చారని, బంగారు గాజొకటి తెచ్చారని చెప్పింది. తండ్రి ఆలివ్ తోటలో తను చిన్నప్పుడు నీళ్లు మోసిన చెట్లున్నాయని చెప్పింది. ఆ తోట కావాలని మాత్రం అనలేదు. ఆ మాట ఇంకా ఆమె నోటికి అలవాటు కాలేదు.

"ఆ రోజు ఖాదీ అడిగినప్పుడు ఏమన్నావు వదినా?"

"నా ఇష్టంతో కాదు అన్నాను."

"భయం వెయ్యలేదా?"

"అన్న తర్వాత వేసింది. మెట్లు దిగలేకపోయాను. కానీ అప్పటికి మాట బయటికొచ్చేసింది."

నజ్లా కిందున్న ఊరి వైపు, తన ఇంటి కప్పు వైపు చూసింది. అక్కడ మత్లఖ్ మేకల్ని దొడ్లోకి తోలుతున్నాడు, చిన్నగా కనిపిస్తున్నాడు.

"కోర్టు ఎన్ని గంటలకి తెరుస్తారు?"

"ఎనిమిదిన్నరకి" అంది హియామ్. "ఏడింటికి బస్సు. నీ పక్క సీట్లో నేనుంటాను."